పాత ఉత్తరములు, తపాలా బిళ్ళలు, వాని వెల



గడచిన కార్తిక మాసమున పట్టణము నుండి యొక మనుష్యుడు మా గ్రామమునకు వచ్చి, ఇంటింటికిని తిరిగి, "మీ పెట్టెలలో పాత ఉత్తరములు, పాత కవర్లు, తపాలా బిళ్ళలు గలవా? తూకమునకు కొందును" అని యడిగెను. కొందరు లేవనిరి. కొందరిచ్చిరి. ఒక యిల్లాలు తన మామగారి కాలము నాటి రేకుపెట్టెలోని కాగితములన్నిటిని మూడు వందల రూపాయల కిచ్చివేసెను. మరునాడు రచ్చబండ కడ పెద్దలు నన్ను చూచి, "పంతులుగారూ, ఆ కాగితములకు వెల యేమిటి? మనము మోసపోయితిమా, వాడు మోసపోయెనా?" అని ప్రశ్నించిరి. ఆనాడు నేను చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి నేడు మీకు విన్నవించుచున్నాను. నేను వర్తకుడను గాను. నలువది యేండ్లు బాలురకు వ్యాకరణము చెప్పినవాడను. చిన్ననాటి నుండి ఈ బిళ్ళలపై నాకు గల వ్యామోహము చేత నేర్చుకొన్న దానినే చెప్పుదును.

తపాలా బిళ్ళ పుట్టి రెండు వందల యేండ్లయినను కాలేదు. అంతకు పూర్వము ఇంగ్లండు దేశమున ఉత్తరమునకు రుసుము సాధారణముగా అందుకొన్నవాడే చెల్లించుచుండెను. దూరమును బట్టియు, కాగితముల సంఖ్యను బట్టియు రుసుము పెరుగుచుండెను. రోలండ్ హిల్ అను నాయన దీనిని మార్పించి, పంపువాడే ముందుగా చెల్లించునట్లును, దేశమంతటను తూనికను బట్టి యొకే రుసుము ఉండునట్లును ఏర్పరచెను. ఆ చెల్లింపునకు గురుతుగా 1840వ సంవత్సరము మే నెల 6వ తేదీన విక్టోరియా రాణి తల గల నల్లని బిళ్ళ వాడుకలోనికి వచ్చెను. దానినే పెన్నీ బ్లాక్ అందురు.

ఈ బిళ్ళలను సేకరించు విద్యకు ఫిలాటెలీ యని పేరు. 1864లో జార్జి హెర్పిన్ అను ఫ్రెంచి దేశీయుడు ఈ పదమును గ్రీకు భాష నుండి కూర్చెను. అందు మొదటి భాగమునకు ప్రీతి యని యర్థము, రెండవ భాగమునకు సుంకము లేమి యని యర్థము. బిళ్ళ అంటించిన ఉత్తరమునకు అందుకొనువాడు సుంకమీయనక్కరలేదు గదా! ఆ లేమిని తెలుపు అకారము మన సంస్కృతమందలి అభావార్థక అకారమునకు సోదరమే. వ్యుత్పత్తి కనబడినచోట నిలువకుండ పోలేకపోవుట నా పాత జబ్బు, మన్నింపుడు.

మన దేశమున మొదటి బిళ్ళలు సింధు దేశమున పుట్టినవి. అచ్చటి కమీషనరగు బార్టిల్ ఫ్రియర్ 1852లో అర్ధణా బిళ్ళలను ప్రవేశపెట్టెను. ఆసియా ఖండమున కంతటికిని ఇవియే మొదటివి. సింధు డాక్ అని వీనికి పేరు. మొదట ఎర్రని లక్కవంటి పెళుసు బిళ్ళపై ముద్ర నొత్తిరి. అది పెళపెళ విరిగిపోవుచుండుటచే తెల్లని కాగితముపై నొత్తిరి. అది సరిగా కానరాకపోవుటచే నీలము వేసిరి. 1854 అక్టోబరు 1వ తేదీ నుండి దేశమంతటికిని బిళ్ళలు వచ్చుటతో ఇవి యాగిపోయెను. నాటి నుండి పావు తులము బరువు గల ఉత్తరము అర్ధణాకే కన్యాకుమారి నుండి పెషావరు వరకు పోగలిగెను. విరిగిపోవు స్వభావము గల ఆ ఎర్ర బిళ్ళలు మిగిలినవి మిక్కిలి కొద్ది. అందుచేతనే వానికి నేడు గొప్ప వెల.

ఇచట నొక మాట. పాతదైనంత మాత్రమున వెలగలదని భ్రమపడరాదు. ప్రపంచమున మొట్టమొదటి బిళ్ళయగు పెన్నీ బ్లాకును ఆరు కోట్ల యెనుబది లక్షల వరకు ముద్రించిరి. అందుచేత అది నేటికిని దొరకుచున్నది, అపురూపము కాదు. వెలకు మూలము వయస్సు కాదు, కొరత. కొరత యొక్కటియే చాలదు. కావలెనని కోరువాడును ఉండవలెను. మా దొడ్డిలో మూడు కాళ్ళ కోడి యొక్కటియే యుండవచ్చును, కోరువాడు లేనిచో దానికి వెల యేది?

దక్షిణామెరికా ఖండమందలి బ్రిటిషు గయానాలో 1856లో ఇంగ్లండు నుండి రావలసిన బిళ్ళలు సమయమునకు రాలేదు. అచ్చటి పోస్టుమాస్టరు స్థానిక పత్రికాముద్రణాలయమున తాత్కాలికముగా కొన్ని బిళ్ళలను అచ్చు వేయించెను. ముదురు ఎరుపు కాగితముపై నల్ల సిరాతో ఓడ బొమ్మ; చూచుటకేమియు సొంపు లేదు. దొంగ బిళ్ళలు రాకుండ గుమాస్తాలు ప్రతిదానిపై పొడి యక్షరములు వ్రాసిరి. వానిలో ఒక సెంటు బిళ్ళ యొక్కటియే నేడు లోకమున మిగిలినది. 1873లో పండ్రెండేండ్ల బాలుడొకడు తన యింటి పాత కాగితములలో దానిని కనుగొని ఆరు షిల్లింగులకు అమ్మివేసెను. అదే బిళ్ళ 2014లో సుమారు 95 లక్షల డాలర్లు పలికెను. 2021లో మరల వేలమునకు రాగా 83 లక్షలే పలికినది. ఏడేండ్లలో పదకొండు లక్షల డాలర్లకు పైగా తగ్గినదన్న మాట. లోకమున నొక్కటియే యైన వస్తువునకే యిట్లున్నప్పుడు, "ఈ బిళ్ళలు కొని దాచుడు, ఏటేట వెల పెరుగును" అని చెప్పు వర్తకుని మాటను ఎంతవరకు నమ్మవలెనో మీరే యాలోచింపుడు.

మన 1854 నాటి నాలుగణాల బిళ్ళను రెండు రంగులతో ముద్రించిరి. ఎర్రని చట్రము ఒక పర్యాయము, నీలపు రాణి తల మరొక పర్యాయము. కాగితమును తలక్రిందుగా పెట్టుట చేత కొన్నిటియందు రాణి తల క్రిందికి వచ్చెను. పాఠశాలలో బాలుడు చేసిన తప్పునకు బెత్తపు దెబ్బ. ముద్రణాలయమున జరిగిన తప్పునకు లక్షల రూపాయలు! అయితే ముద్ర మసక బారుట, రంగు వెలియుట ఇట్టి తప్పులు కావు. మా యూరివాడొకడు ఎండకు వెలిసిన బిళ్ళను తెచ్చి "రంగు తప్పిన బిళ్ళ" యని నాకు చూపెను. అది రంగు తప్పినది కాదు, కిటికీ ప్రక్కన నున్నది.

ఇక మొదటినాటి కవరు సంగతి. క్రొత్త బిళ్ళ వెలువడిన దినముననే దానిని కవరుపై నంటించి, ఆ దినపు ముద్ర వేయించినచో దానిని ఫస్ట్ డే కవరు అందురు. తపాలా శాఖవారు స్మారక బిళ్ళను వెలువరించునప్పుడు దానికి తగిన బొమ్మతో కవరును, ప్రత్యేకముద్రను, ఆ విషయమును తెలుపు చిన్న కరపత్రమును సిద్ధము చేయుదురు. హైదరాబాదు వంటి నగరములలోని పెద్ద తపాలా కార్యాలయములందు వీని కొరకు ప్రత్యేక విభాగములు గలవు. ముద్ర స్పష్టముగా నుండుట, కవరుపై మడతగాని మరకగాని లేకుండుట ముఖ్యము. చిరునామా వ్రాసి నిజముగా తపాలాలో ప్రయాణము చేసిన కవరును కొందరు మెచ్చుదురు. ఏమియు వ్రాయని శుభ్రమైన కవరును మరి కొందరు మెచ్చుదురు. నా మట్టుకు నేను ప్రయాణము చేసినదానికే మ్రొక్కుదును. కదలని కవరు పెండ్లిపీటల మీద కూర్చుండి తాళి కట్టని వరుని వంటిది.

స్వతంత్ర భారతమున మొదటి బిళ్ళ 1947 నవంబరు 21వ తేదీన వచ్చెను. మూడున్నర అణాల బిళ్ళ, త్రివర్ణ పతాకము, జై హింద్ అను మాట. మరుసటి యేడు ఆగస్టు 15వ తేదీన గాంధీ మహాత్ముని బిళ్ళలు నాలుగు వెలువడెను. స్విట్జర్లండు దేశమున ముద్రితములు. బాపూ అను మాట హిందీ, ఉర్దూ లిపులలో నుండును. ఒకటిన్నర అణాలు, మూడున్నర అణాలు, పండ్రెండు అణాలు, పది రూపాయలు వాని వెలలు. ఒకటిన్నర అణాల బిళ్ళ అంటించిన మొదటినాటి కవర్లు నేటికిని కనబడుచుండును. పది రూపాయల బిళ్ళ మాత్రము అరుదు. ఏలయన, ఆనాడు కేవలము ముచ్చటకై పది రూపాయలు కవరు మీద నంటించు గృహస్థు లెందరు? ఆ పది రూపాయల బిళ్ళపైననే గవర్నరు జనరలు కార్యాలయము కొరకు సర్వీస్ అను మాటను అదనముగా ముద్రించినవి నూరు మాత్రమే. అట్టివి నాలుగు ఒకటిగా కలిసియున్న వరుస 2017లో ఐదు లక్షల పౌనులకు అమ్ముడుపోయెను. ఈ వార్త పత్రికలలో చదివి మీలో నెవరైనను పెట్టె తెరచినచో నిరుత్సాహపడుదురేమో. మీ పెట్టెలో సర్వీస్ ముద్రతో గాంధీ బిళ్ళ కనబడినను తొందరపడకుడు. సాధారణమైన బిళ్ళపై ఆ మాటను తరువాత కల్పించి యొత్తుట సులభమైన దొంగతనము. నిపుణులు పరీక్షించి యిచ్చిన పత్రము లేనిదే పెద్ద వెల గల బిళ్ళను ఎవరును కొనరు.

మనవారి బిళ్ళల విషయము చెప్పవలెను. త్యాగరాజస్వామికి 1961లోను, వేమనకును టంగుటూరి ప్రకాశము పంతులుగారికిని 1972లోను బిళ్ళలు వెలువడెను. 1975 ఏప్రిలులో హైదరాబాదున జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలకును ఒక బిళ్ళ వచ్చెను. ఇవి నా వద్ద నున్నవి. అమ్మబోయిన కాఫీ ఖర్చు వచ్చునో రాదో. ఇట్టివి విస్తారముగా ముద్రితములు. కొన్నవారందరును భద్రముగా దాచుకొనిరి. అందరును దాచినచో కొరత యెక్కడిది? వేమన బిళ్ళ నా కంటికి అమూల్యము, వర్తకునికి కాదు. ఈ రెండు వెలలను కలిపివేయుట చేతనే గృహస్థులు చిక్కుపడుచున్నారు.

నిజాము రాజ్యమున ప్రత్యేక బిళ్ళలు 1869 నుండి యుండెను. 1931లో వచ్చిన వరుసలో అణా బిళ్ళపై చార్మినారు, రెండణాల దానిపై ఉన్నత న్యాయస్థానము, నాలుగణాల దానిపై ఉస్మాన్ సాగరము చిత్రింపబడెను. తెలుగు లిపి గల బిళ్ళలు ఈ సంస్థానపు బిళ్ళలలోను గలవు. ఇవి సంస్థానము లోపలనే చెల్లును. ఓరుగల్లు నుండి బెజవాడకు వ్రాసిన ఉత్తరమునకు బ్రిటిషు ఇండియా బిళ్ళ కావలసియుండెను. తెలంగాణపు పాత యిండ్లలో ఈ రెండు విధములైన కవర్లును ఉండుట కవకాశము గలదు. విడి బిళ్ళ చౌక. కవరు మీదనే యుండి, చిన్న గ్రామపు తపాలా ముద్ర స్పష్టముగా గల దానికి ఆదరమెక్కువ.

కవరు మీదనే యుండవలెనని నేను పట్టుపట్టుటకు కారణము గలదు. అది నా యింటి కథ.

మా తాతగారు కాకినాడ రేవున ఓడ యెక్కి రంగూను పోయి, బియ్యపు మిల్లులో గుమాస్తాగా నుండిరి. 1936 నుండి ఆయన వ్రాసిన ఉత్తరములను మా నాయనమ్మ చందనపు పెట్టెలో దాచెను. ఆమెకు చదువు రాదు. కవరు రంగును, బిళ్ళను చూచి యేది యెప్పటిదో చెప్పుచుండెను. బర్మా 1937 ఏప్రిలు 1వ తేదీన ఇండియా నుండి వేరుపడెను. ఆ దినము మొదలు ఇండియా బిళ్ళలపైననే బర్మా అను మాటను ఒత్తి వాడిరి. 1938 నవంబరు నుండి ఆ దేశమునకు సొంత బిళ్ళలు వచ్చెను. ఈ మార్పులన్నియు మా నాయనమ్మ పెట్టెలో వరుసగా నుండెనని నాకు తరువాత తెలిసినది. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. మార్చి నెలలో నగరము వారి వశమయ్యెను. లక్షల కొలది మనవారు అడవుల వెంట కాలినడకను బయలుదేరిరి. మా తాతగారు తిరిగి రాలేదు. ఆయన నుండి వచ్చిన ఆఖరి ఉత్తరమున "గురువారము, క్షేమము" అని మాత్రమే యుండెను గాని తేది లేదు. తేది కవరు మీది ముద్రలో నుండెను.

1971లో నాకు పదునొకండేండ్లు. తోటి బాలుడొకడు బిళ్ళలు సేకరించుట చూచి నాకును ఆశ పుట్టినది. నాయనమ్మ గుడికి పోయిన వేళ పెట్టె తెరచి, పైనున్న యిరువది కవర్లను ఇత్తడి పళ్ళెములో నానవేసి, బిళ్ళలూడదీసి, కవర్లను నీళ్ళపొయ్యిలో పెట్టితిని. బిళ్ళలను అన్నము మెతుకులతో నోటుపుస్తకమున అంటించితిని. ఆమె వచ్చి పెట్టె చూచి, "పై కవరేదిరా?" అని మాత్రమడిగెను. నన్ను కొట్టలేదు, తిట్టలేదు.

ఆమె బ్రదికియున్నంత కాలము తాతగారు పోయిరని యొప్పుకొనలేదు. కుంకుమ తీయలేదు. 1978లో ఆమె గతించిన పిమ్మట మా తండ్రిగారు తాతగారికిని కర్మ జరిపింప నిశ్చయించిరి. పురోహితులు, "ఆఖరి వార్త యే దినమున పుట్టినదో తెలిసినచో కొంత ఆధారముండును" అనిరి. మా తండ్రిగారు నా వైపు చూడలేదు. చూడకపోవుటయే నాకు చాలినది. నేటికిని మా తాతగారి తద్దినము మహాలయ అమావాస్య నాడే జరుగుచున్నది.

నోటుపుస్తకములోని బిళ్ళలను పెద్దవాడనైన పిమ్మట తెలిసినవారికి చూపితిని. మెతుకు జిగురు పట్టి, వెనుక పొర చినిగి, అంచు పళ్ళు విరిగినవి, వెల లేదనిరి. అవే కవర్ల మీద నుండియున్నచో, బర్మా ముద్రలతోను, యుద్ధకాలపు తనిఖీ చీటీలతోను కోరువారుండెడివారట.

కనుక ఇంటనున్న పాత కవరు నుండి బిళ్ళ నూడదీయకుడు, కత్తిరింపకుడు. కార్డు మీది బిళ్ళ బొమ్మను అసలే కత్తిరింపకుడు. మన దేశమున 1879లో పావణా కార్డులు వచ్చినది మొదలు ఆ బొమ్మ కార్డులో నొక భాగమే, వేరు చేసినచో రెండును చెడును. లోపలి ఉత్తరమును కవరు నుండి విడదీయకుడు. ప్లాస్టిక్ టేపు అంటింపకుడు. కొన్ని యేండ్లకు పసుపు మరకయై కాగితమును తినివేయును. లామినేషను చేయించుట భద్రమని కొందరనుకొందురు. అది వెలకు సమాధి. తేమ తగులని చోట, వెలుతురు సోకకుండ, శుభ్రమైన కాగితపు సంచిలో నిలువుగా పెట్టుడు. వానకాలము గడచిన పిమ్మట నొకసారి తెరచి, వెండిపురుగులు చేరెనేమో చూడుడు. ఇటీవలి సాధారణమైన కవర్ల బిళ్ళలు పిల్లలకు కావలెనన్న చన్నీట నానవేసి, తానై యూడినప్పుడు తీసి, అద్దుడు కాగితముపై ఆరవేయవచ్చును. ప్రాంసరీ నోట్ల మీది రెవెన్యూ స్టాంపులు వేరు జాతి. వానిని సేకరించువారును గలరు, కాని పత్రము నుండి తీయుట యుక్తము కాదు.

అమ్మదలచినచో ఒకరి మాట మీద అమ్మకుడు. సూచీగ్రంథములలో అచ్చయిన వెల వర్తకుడు అమ్మునప్పటిది గాని కొనునప్పటిది కాదు. అందు కొంతభాగమే చేతికి వచ్చునని ముందే యెరుగుడు. నా సంగతియే చెప్పెదను. ఆనాడు నేను ముట్టని కవర్లు పదునొకండు భాగవతపు పుటల నడుమ మిగిలియుండెను. నా తమ్ముని కుమార్తె చదువునకు సొమ్ము కావలసివచ్చి, వానిని నగరమున జరిగిన బిళ్ళల ప్రదర్శనమునకు కొనిపోతిని. మొదటి వర్తకుడు అన్నిటికిని కలిపి వేయి రూపాయలనెను. రెండవవాడు మూడు వేలనెను. మూడవవాడు భూతద్దముతో ఒక్కొక్క ముద్రను చదివి ఏడు వేలనెను. ఆయనకే తొమ్మిదింటిని ఐదు వేల యెనిమిది వందలకు ఇచ్చి, రెండు ఉంచుకొంటిని. ఇచ్చుటకు ముందు అన్నిటికిని ముందు వెనుకల ఛాయాచిత్రములు తీయించితిని. ఉత్తరములను మాత్రము నావద్దనే యుంచుకొంటిని. అందుచేత కొంత వెల తగ్గినది. తగ్గనీ.

మరి ఆ మూడు వందల రూపాయల యిల్లాలు మోసపోయెనా? పెట్టె పోయినది గనుక చెప్పలేను. అందు పది పైసల కార్డులే యున్నచో వాడే నష్టపోయెను. ఆమెకు జ్ఞప్తియున్నది ఒక్కటే. ఎర్రని పెద్ద బిళ్ళ గల కవరొకటి దానిలో నుండెనట. మా గ్రామమున ఇంకను నాలుగిండ్ల పెట్టెలు తెరువవలసియున్నవి. భూతద్దమును, వ్రాసికొనుటకు పుస్తకమును పట్టుకొని వచ్చెదనని చెప్పియున్నాను. మొదటిది కరణముగారి మనుమని యింట, వచ్చు ఆదివారము ఉదయము.